వారసుడున్న కారు, వారసుడు లేని కారు

(మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నాకిచ్చిన టాపిక్ "రెండు దేశాలు, రెండు స్పోర్ట్స్ కార్లు". నేను ఎంచుకున్న రెండూ మీరు పోస్టర్లలో చూసినవే. ఒకటి ఇంగ్లండు కారు, జాగ్వార్ ఈ-టైప్. 1961 మార్చిలో జెనీవా మోటార్ షోకి వచ్చింది. రెండోది జర్మనీ కారు, పోర్షే 911. దాన్ని 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించారు, మరుసటి ఏడాది తయారీ మొదలుపెట్టారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగానే ఒక రెడీమేడ్ మాట వచ్చేస్తుంది. ఇంగ్లీషువాడు మనసు పెట్టి అందంగా చేస్తాడు, జర్మన్‌వాడు లెక్కగట్టి పక్కాగా చేస్తాడు అని. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ఈ రెండు కార్ల విషయంలో జరిగింది సరిగ్గా దానికి ఉల్టా.

ఈ-టైప్ ఆకారం గీసినాయన పేరు మాల్కం సేయర్. జాగ్వార్‌కి రాకముందు బ్రిస్టల్ విమానాల కంపెనీలో పనిచేశాడు. తర్వాత బాగ్దాద్ వెళ్ళి అక్కడ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ విభాగం పెట్టే పనిలో ఉన్నాడు. ఆయన్ని ఎవరైనా స్టైలిస్ట్ అంటే నచ్చేది కాదు. తను ఏరోడైనమిక్స్ మనిషినని చెప్పుకునేవాడు. కంప్యూటర్ లేని రోజులు. లాగరిథమ్ టేబుళ్ళు, స్లైడ్ రూలు ముందు పెట్టుకుని, ఒక్కో వంపు మీద ఒక్కో బిందువు ఎక్కడ రావాలో ఫార్ములా వేసి లెక్కకట్టేవాడు. ఆ అంకెల నుంచి గీత, గీత నుంచి రేకు. ప్రపంచం ఇంత అందమైన కారు ఇంకోటి లేదన్న ఆకారం పుట్టింది లెక్కల పుస్తకంలోంచి.

ఇక జర్మన్ కారు సంగతి. 911 ఆకారం చేసింది ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే, ఇంట్లో పిలుపు బుట్సీ. కంపెనీ యజమాని ఫెర్రీ పోర్షే కొడుకు, కంపెనీ స్థాపించిన ఫెర్డినాండ్ పోర్షేకి మనవడు. ఉల్మ్‌లోని డిజైన్ స్కూల్లో కొంతకాలం చదివి బయటికొచ్చి, నాన్న ఫ్యాక్టరీలో మోడలింగ్ సెక్షన్‌లో చేరాడు. ఆయన పని అంతా చేతుల్లోనూ కంట్లోనూ ఉండేది. మోడల్ చేయడం, దూరంగా నిలబడి చూడటం, గోకడం, మళ్ళీ చూడటం. చెప్పండి, ఎవరిది లెక్క, ఎవరిది మనసు?

అందుకని జాతి స్వభావం మాటను కాసేపు పక్కనపెట్టి, కార్లనే చూద్దాం.

ఈ స్లైడ్ ఈ-టైప్ బానెట్‌ది. ముందుగా తయారైన సుమారు అయిదువందల కార్లకి బానెట్ తాళాలు బయటే ఉండేవి. టీ ఆకారంలో ఉన్న తాళంచెవి పెట్టి ముందు ఒక పక్క తిప్పాలి, చుట్టూ తిరిగి వచ్చి రెండో పక్క తిప్పాలి. అప్పుడు కారు ముందు సగం, అంటే ఫెండర్లు, ముక్కు, లైట్లతో సహా, ఒకే ముక్కగా ముందుకి ఒరిగిపోతుంది. లోపల మొత్తం కళ్ళెదుటే ఉంటుంది. నిగనిగలాడే రెండు క్యామ్ కవర్లు, పెట్రోల్‌ని గాలితో కలిపే ఎస్‌యూ కార్బ్యురేటర్లు వరసగా మూడు, 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. దాన్ని పట్టుకుని ఉన్నది పెద్ద ఛాసిస్ కాదు. మనుషులు కూర్చునే భాగం విమానం బాడీలా రేకుతో చేసిన గట్టి తొట్టి, దాని ముందు గోడకి చదరపు ట్యూబుల ఫ్రేము బోల్టులతో బిగించి ఉంటుంది. 1955, 56, 57 వరసగా మూడేళ్ళు ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ రేసు గెలిచిన డి-టైప్ రేసు కారు నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ డి-టైప్ ఆకారమూ సేయర్‌దే.

ఆ ఇంజన్ కథ కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జాగ్వార్ ఫ్యాక్టరీ ఉన్న కోవెంట్రీ ఊరి మీద బాంబులు పడేవి. రాత్రుళ్ళు ఫ్యాక్టరీ దగ్గర మంటలు అంటుకుంటాయేమోనని వంతులవారీగా కాపలా కాసేవాళ్ళు. జాగ్వార్ అధిపతి విలియం లయన్స్, ఇంజనీర్లు హేన్స్, హాసన్, బైలీ ఆ కాపలా రాత్రుల్లోనే యుద్ధం అయ్యాక ఎలాంటి ఇంజన్ చేయాలో మాట్లాడుకున్నారు. 1948లో ఎక్స్‌కే 120 కారులో అది బయటికొచ్చింది. 1992 దాకా ఏదో ఒక కారులో తయారవుతూనే ఉంది. ఒక్క డిజైన్, నలభై నాలుగేళ్ళు. ఇంగ్లీషువాళ్ళకి ఓపిక లేదని అనేవాళ్ళకి ఈ ఒక్క సంగతి చాలు.

వెనక్కి రండి. ఈ-టైప్ వెనక సస్పెన్షన్ ఇండిపెండెంట్, అంటే ఏ చక్రానికాచక్రం విడిగా పైకీ కిందికీ కదులుతుంది. డిస్క్ బ్రేకులు చక్రాల దగ్గర లేవు, లోపల డిఫరెన్షియల్‌కి, అంటే రెండు వెనక చక్రాలకీ శక్తి పంచే గేర్ల డబ్బాకి, అటూ ఇటూ ఆనించి పెట్టారు. ఎందుకు? చక్రంతోపాటు ఎగిరే బరువు తగ్గితే టైరు రోడ్డుని వదలదు. పుస్తకంలో అన్‌స్ప్రంగ్ మాస్ అని చదువుకున్నారు కదా, అదే. ఐడియా గొప్పది. కానీ బ్రేక్ వేడి అంతా డిఫరెన్షియల్ సీళ్ళకి తగులుతుంది. సీలు పోతే ఆయిల్ నేరుగా డిస్క్ మీదకే కారుతుంది. ప్యాడ్లు మార్చాలంటే మెకానిక్ కారు కిందికి దూరాల్సిందే. డ్రాయింగ్ బోర్డు మీద గెలిచి షెడ్డులో ఓడిపోయిన డిజైన్ అంటే ఇదీ.

ఇంకా ఉన్నాయి. మొదటి గేరుకి సింక్రోమెష్, అంటే గేర్లు గరగరలాడకుండా కలిపే ఏర్పాటు, లేదు, గేర్ మార్చడం నిదానంగా జరిగే పని. తొలి కార్లలో ఫ్లోర్ చదునుగా ఉండేది, పొడుగువాళ్ళకి కాళ్ళు పెట్టుకోవడానికి చోటు చాలేది కాదు. సీట్లు గంటసేపటికి నడుము పట్టించేవి. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకేది, డ్రైవర్‌కి టెన్షన్. గంటకు 150 మైళ్ళు, అంటే 241 కిలోమీటర్లు, అని ప్రకటించారు. ఓ పత్రిక పరీక్షలో 150.4 వచ్చింది కూడా. అయితే పత్రికలకి ఇచ్చిన కార్లను ప్రత్యేకంగా సిద్ధంచేసి, రేసు టైర్లు వేసి ఇచ్చారు. షోరూమ్‌లో కొన్న కారు అంత స్పీడు అందుకోలేదు. ఈ విషయంలో మోసం అనే మాట నేను వాడను గానీ, నిజాయితీ అని కూడా అనలేను.

అయినా జనం ఎగబడ్డారు. జెనీవాలో కారెక్కి చూస్తామని క్యూ కట్టారు. అక్కడున్న కూపే, అంటే పైకప్పున్న కారు, ఒక్కటీ సరిపోలేదు. కోవెంట్రీలో ఉన్న టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్‌కి కబురొచ్చింది, ఇంకో కారు తీసుకుని వెంటనే రమ్మని. ఆయన 77 ఆర్‌డబ్ల్యూ నంబరున్న ఓపెన్ కారు ఎక్కి, సముద్రం దాటి, రాత్రంతా నడిపి పొద్దున్నకల్లా జెనీవా చేరాడు. వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అంత గిరాకీకి అసలు కారణం అందం ఒక్కటే కాదు, ధర. ఇంగ్లండులో పన్నుతో కలిపి రెండు వేల పౌండ్ల పైచిలుకు. దీనితో పోటీపడే ఆస్టన్ మార్టిన్ దాదాపు రెట్టింపు. లయన్స్ కిటుకు మొదటినుంచీ అదే: డబ్బున్నవాడి కారులా కనిపించాలి, ధర మాత్రం మధ్యలో ఉండాలి. సస్తా సీట్లు, గేర్‌బాక్స్ ఎందుకున్నాయో ఇప్పుడర్థమైందా?

ఇక 911. దీన్ని ముందు 901 అని పిలిచారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్‌లో ప్యూజో అభ్యంతరం చెబితే, సున్నా తీసి ఒకటి పెట్టారు. అంతే.

అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కారు ఈ-టైప్ ముందు చిన్నపిల్లాడు. ఇంజన్ రెండు లీటర్లు, 130 హార్స్ పవర్, టాప్ స్పీడ్ 210 కిలోమీటర్లు. ఈ-టైప్‌కి 265 హార్స్ పవర్ అని చెప్పుకున్నారు, అయితే ఆ రోజుల్లో ఆ లెక్క వేరే పద్ధతిలో, కాస్త ఉదారంగా వేసేవాళ్ళు. 911 డోర్ తెరిచి కూర్చుంటే ఎదురుగా అయిదు గుండ్రటి మీటర్లు ఉంటాయి. మధ్యలో అన్నిటికన్నా పెద్దది స్పీడోమీటర్ అనుకుంటాం. కాదు, ఆర్‌పీఎం మీటరు. తాళంచెవి స్టీరింగ్‌కి ఎడమ పక్క. పెడల్స్ పైనుంచి వేలాడవు, ఫ్లోర్ నుంచి పైకి లేచి ఉంటాయి. ఇంజన్ ఆయిల్ చూడాలంటే ఇంజన్ వేడెక్కి నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. ఎందుకంటే అది డ్రై సంప్, ఆయిల్ ఇంజన్ కింద నిలవ ఉండదు, వేరే ట్యాంకులో ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు. ఫ్యాన్ గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడే ఇంజన్ అది.

జర్మన్ కారు కాబట్టి లోపాలు లేవనుకోకండి. మొదటి కార్ల సోలెక్స్ కార్బ్యురేటర్లు ఒక ఆర్‌పీఎం దగ్గర తడబడేవి, కాలు నొక్కినా బండి ముందుకు కదలనట్టు ఉండేది. 1966లో వాటిని పీకేసి వెబర్లు పెట్టారు. అంతకన్నా పెద్ద తలనొప్పి ఇంజన్ ఉన్న చోటు. వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతూ ఉంటుంది. దాదాపు అరవై శాతం బరువు వెనకే.

దీనివల్ల ఏమవుతుందో నెమ్మదిగా చూద్దాం, పరీక్షలో కూడా పనికొస్తుంది. స్పీడులో మలుపు తిరుగుతున్నారు. మలుపు అనుకున్నదానికన్నా బిగువుగా ఉంది. భయమేసింది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. కాలు తీయగానే బరువు ముందు చక్రాల మీదకి జరుగుతుంది. వెనక టైర్ల మీద ఒత్తిడి తగ్గి పట్టు సడలుతుంది. అక్కడేమో ఇంజన్ వేలాడుతోంది, దానికి తిన్నగా పోవాలని ఉంది. తోక బయటికి తిరుగుతుంది, కారు గిర్రున తిరుగుతుంది. సైకిల్ క్యారియర్ మీద బియ్యం బస్తా పెట్టుకుని వీధి మలుపులో బ్రేకు పట్టినవాళ్ళెవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు.

అదే బరువు మేలు కూడా చేస్తుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనక టైర్లు రోడ్డుని కరిచిపట్టుకుంటాయి. బ్రేకు వేసినప్పుడు నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి. మంచు మీద, కొండదారిలో ఈ గుణం బంగారం. 1968, 69, 70 మూడేళ్ళూ మాంటే కార్లో ర్యాలీ 911దే. మొదటి ఏడాది విక్ ఎల్‌ఫర్డ్, తర్వాతి రెండేళ్ళు బ్యోర్న్ వాల్డెగార్డ్.

తోక జాడించే జబ్బుకి పోర్షేవాళ్ళు చేసిన మందుల చిట్టా చూస్తే నవ్వొస్తుంది. తొలి రోజుల్లో ముందు బంపర్ మూలల్లో ఇనప దిమ్మలు దాచారు, ముందు బరువు పెరగాలని. స్పోర్ట్స్ కారులో ఇనప దిమ్మలు! 1969 మోడల్‌కి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు, ఇంజన్‌ని ఉన్నచోటే ఉంచారు. ఒక బ్యాటరీ బదులు రెండు చిన్నవి ముందు రెండు మూలల్లో పెట్టారు. 1972 మోడల్‌లో ఆయిల్ ట్యాంకుని వెనక చక్రానికి ముందుకి తెచ్చి, ఆయిల్ పోసే మూత కారు పక్కన బయట పెట్టారు. పెట్రోల్ బంకుల్లో కుర్రాళ్ళు అది పెట్రోల్ మూత అనుకుని అందులో పెట్రోల్ పోసేశారు! (నవ్వులు) మరుసటి ఏడాదే ఆ మూత పోయింది, ట్యాంకు వెనక్కెళ్ళింది. 1973 కారెరా ఆర్‌ఎస్‌కి వెనక బాతు తోక లాంటి రేకు వచ్చింది, స్పీడులో వెనక భాగం పైకి లేవకుండా. 1993లో వచ్చిన 993 మోడల్‌కి వెనక సస్పెన్షన్ మొత్తం కొత్తది పెట్టాక గానీ ఆ జబ్బు చాలామటుకు కుదుటపడలేదు. అంటే ముప్ఫై ఏళ్ళు.

ఆ 57 మిల్లీమీటర్లు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మళ్ళీ కోవెంట్రీ వెళ్దాం.

జాగ్వార్ కూడా తన కారుని బాగుచేసింది. 1964లో 4.2 లీటర్ల ఇంజన్‌తోపాటు మంచి గేర్‌బాక్స్, మంచి సీట్లు, మంచి బ్రేకులు వచ్చాయి. నన్నడిగితే కొనదగ్గ ఈ-టైప్ అదొక్కటే. మిగిలినవాటికి ఫొటో చాలు. కానీ 1966లో ఇంకో పని చేశారు. వెనక పిల్లలకి సీట్లు కావాలని వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 229 మిల్లీమీటర్లు పెంచి, పైకప్పు ఎత్తు పెంచారు. సేయర్ గీత అక్కడ తెగింది. పోర్షే 57 మిల్లీమీటర్లు పెంచింది కారు బాగా తిరగాలని, జాగ్వార్ 229 పెంచింది ఇంకో రకం కొనుగోలుదారు దొరకాలని. తర్వాత అమెరికా భద్రత, పొగ నిబంధనలు వచ్చిపడ్డాయి. లైట్ల మీది గాజు మూతలు పోయాయి, అమెరికా కార్లకి మూడు కార్బ్యురేటర్లు రెండయ్యాయి. 1971లో 5.3 లీటర్ల వీ12 ఇంజన్ పెట్టారు. ఇంజన్ మెత్తగా నడుస్తుంది, కాదనను, కానీ కారు ఒళ్ళు చేసింది. 1974లో తయారీ ఆగిపోయింది. మొత్తం 72 వేల పైచిలుకు కార్లు.

ఎందుకిలా జరిగింది? అమెరికా నిబంధనలు పోర్షేకీ వర్తించాయి. రెండు కంపెనీలూ బతికింది అమెరికా కొనుగోళ్ళ మీదే. మరి తేడా ఎక్కడొచ్చింది?

నా జవాబు ఇది. లయన్స్‌కి ఒక్కడే కొడుకు, జాన్. 1955 జూన్‌లో లె మాన్స్ రేసు చూడటానికి కారులో వెళ్తూ ఫ్రాన్స్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ ఏడాది రేసు జాగ్వారే గెలిచింది. లయన్స్ తర్వాత కంపెనీ చూసుకునే మనిషి ఇంట్లో లేడు. అరవైలు దాటుతుంటే వయసు మీదపడింది, వ్యాపారం పెద్దదైంది. 1966లో జాగ్వార్‌ని తీసుకెళ్ళి బీఎంసీ అనే పెద్ద కంపెనీలో కలిపేశాడు. బీఎంసీ అంటే ఎవరనుకున్నారు? మన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వాళ్ళే. ఆ రకంగా ఈ-టైప్ మన అంబాసిడర్‌కి వరసకి చుట్టమైంది. (నవ్వులు) రెండేళ్ళకి ఆ బీఎంసీ కూడా బ్రిటిష్ లేలాండ్ అనే ఇంకా పెద్ద కుప్పలో కలిసింది. అక్కడ స్పోర్ట్స్ కారు గురించి రాత్రుళ్ళు నిద్ర మానుకునే పెద్దమనిషి లేడు. 1970లో సేయర్ పోయాడు, 1972లో లయన్స్ రిటైరయ్యాడు.

పోర్షే ఊరు స్టుట్‌గార్ట్‌లో కుటుంబం ఉంది. అయితే అక్కడా అంతా సజావుగా ఏమీ లేదు. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒకే ఫ్యాక్టరీలో ఉంటే ఏమవుతుందో మన ఇళ్ళలో చూడనిది కాదు. 1972లో కుటుంబ సభ్యులంతా మేనేజ్‌మెంట్ నుంచి తప్పుకున్నారు. బుట్సీ సొంత డిజైన్ సంస్థ పెట్టుకున్నాడు. ఫెర్రీ మేనల్లుడు ఫెర్డినాండ్ పీయెష్ ఆడీ వైపు వెళ్ళాడు. కానీ ఓనర్‌షిప్ వాళ్ళ చేతుల్లోనే ఉంది, ఫెర్రీ పోర్షే పెద్దరికం కింద. బయటినుంచి వచ్చిన మేనేజర్లు 911ని ఆపేద్దామనే అనుకున్నారు. ముందు ఇంజన్, నీళ్ళతో చల్లబడే వీ8 ఉన్న 928ని దాని స్థానంలోకి తెచ్చారు. చదువుకున్న ఇంజనీరెవరైనా ఆ నిర్ణయమే తీసుకుంటాడు. కాగితం మీద 928 అన్నిటా మెరుగు.

1981లో పీటర్ షుట్జ్ కంపెనీ పగ్గాలు పట్టాడు. బెర్లిన్‌లో పుట్టిన యూదు కుటుంబం పిల్లవాడు. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరి అక్కడే పెరిగాడు. చీఫ్ ఇంజనీర్ హెల్ముట్ బోట్ గదిలో గోడ మీద ఒక చార్టు ఉందట. ఏ మోడల్ ఎన్నాళ్ళు నడుస్తుందో గీతలు. 928 గీత, ఇంకో పోర్షే మోడల్ 944 గీత ముందుకు సాగుతున్నాయి, 911 గీత 1981 దగ్గర ఆగిపోయింది. షుట్జ్ మార్కర్ తీసుకుని ఆ గీతని చార్టు దాటించి, గోడ మీదుగా, తలుపు దాకా లాక్కుంటూ పోయాడు. ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పిన కథ. కథలో మసాలా ఎంతో గానీ, కారు బతికింది నిజం. జర్మన్ సంప్రదాయం అని మనం పేరు పెట్టుకున్నదాన్ని నిలబెట్టింది అమెరికాలో పెరిగిన మనిషి. 2017లో పదిలక్షవ 911 ఫ్యాక్టరీ గేటు దాటింది.

ఈ-టైప్‌కి మర్యాద దక్కలేదని కాదు. 1996లో న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియం ఒక నీలం రంగు ఓపెన్ ఈ-టైప్‌ని శాశ్వత సేకరణలో చేర్చుకుంది. జాగ్వార్ కంపెనీ మాత్రం చేతులు మారుతూ ఫోర్డ్ దగ్గరికి, అక్కణ్ణుంచి 2008లో మన టాటా మోటార్స్ దగ్గరికి వచ్చింది. కోవెంట్రీ వారసత్వం ముంబై పద్దుల్లో చేరింది.

ఇప్పుడు పరిస్థితి చూడండి. 911కి 2024లో హైబ్రిడ్ మోటార్ వచ్చింది, ఇంజన్ మాత్రం ఇప్పటికీ వెనక ఇరుసు వెనకాలే. అదే ఏడాది డిసెంబరులో జాగ్వార్ మయామీలో టైప్ 00 అనే ఎలక్ట్రిక్ కాన్సెప్ట్ చూపించింది. దానికి ఈ-టైప్ లాగే చాలా పొడవైన బానెట్ ఉంది. ఈ-టైప్‌కి ఆ పొడవు ఎందుకంటే కింద ఆరు సిలిండర్లు నిలువుగా పట్టాలి. ఎలక్ట్రిక్ కారులో ఆ చోటున ఏం పెడతారు, ఆ పొడవు గాలికి మంచిదా చెడ్డదా అన్నది సేయర్ అయితే ముందు స్లైడ్ రూలు తీసి చూసేవాడు. మీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది, ల్యాబులో వేసి చూడండి.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ మూల ఎర్ర చొక్కా అబ్బాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు, మైకు ముందు అతనికివ్వండి.